పూత పోవాలి, గాజు మిగలాలి

తమిళనాడులోని జవ్వాది కొండల్లో, కావలూరు అనే చోట 2.34 మీటర్ల వెడల్పు అద్దమున్న టెలిస్కోపు ఒకటి ఉంది. 1986లో దాన్ని ప్రారంభించేనాటికి మన దేశంలో అంత పెద్దది మరొకటి లేదు. దాన్ని సంకల్పించిన వైను బప్పు హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదువుకున్నారు. ఆయన తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. టెలిస్కోపు పూర్తికాకముందే, 1982లో, బప్పు కన్నుమూశారు. దానికి ఆయన పేరే పెట్టారు. అంత పెద్ద అద్దంలో నక్షత్రాల వెలుగును మళ్లించే పని గాజుది కాదు, గాజు మీద పరిచిన లోహపు పూతది. అల్యూమినియం పూత మందం మామూలుగా 100 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. మిల్లీమీటరును పదివేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమన్నమాట. ఈ మందంతో లెక్క కడితే నాలుగు చదరపు మీటర్లు దాటిన ఆ అద్దాన్ని కప్పడానికి కావలసిన అల్యూమినియం ఒక గ్రాము కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఆ కాస్త లోహమే పాడవుతుంది. రాత్రిపూట గోపురం తెరిచి ఆకాశానికి ఎదురుగా పెట్టే అద్దం కాబట్టి దుమ్ము, పుప్పొడి, తేమ, పురుగులు అన్నీ దాని మీదే పడతాయి. పూత మెల్లగా మసకబారుతుంది, అక్కడక్కడ సూదిమొన బెజ్జాలు పడతాయి. అప్పుడు అద్దాన్ని దించి, పాత పూతను పూర్తిగా కరిగించి, శూన్యపు గదిలో కొత్త పూత వేస్తారు. చిలీలో 8.2 మీటర్ల అద్దాలున్న వీఎల్‌టీ మొదలుకొని కాలిఫోర్నియాలోని పాలొమార్ 200 అంగుళాల టెలిస్కోపు దాకా పెద్ద అబ్జర్వేటరీలన్నిటికీ ఇది కొన్నేళ్లకోసారి తప్పని పని. ఇంట్లో ఆరంగుళాల టెలిస్కోపు పెట్టుకున్నవారికి, పాత పరికరం మూలపడి ఉన్న కాలేజీ ఫిజిక్స్ విభాగాలకు కూడా ఏదో ఒకనాడు ఈ అవసరం వస్తుంది. విశాఖ, కాకినాడల్లాంటి ఊళ్లలో ఉప్పుగాలి వల్ల ఇంకాస్త ముందే వస్తుంది. కొత్త పూత వేయడం యంత్రాల పని. పాతది తీయడం మాత్రం చేతులతో, బకెట్టు నీళ్లతో చేసే పని. అద్దాలు ఎక్కువగా పాడయ్యేది కూడా ఇక్కడే.

ఎందుకు పాడవుతాయో తెలియాలంటే అద్దం విలువ ఎక్కడుందో తెలియాలి. పూత చవక, మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు. గాజుకు ఇచ్చిన ఆకారం అలాంటిది కాదు. టెలిస్కోపు అద్దం పైముఖం చాలావరకు పారాబొలా ఆకారంలో కొద్దిగా లోతుగా ఉంటుంది. ఆ ఆకారంలో ఎత్తుపల్లాల తేడా 70 నానోమీటర్ల లోపు ఉంటేనే నక్షత్రం చుక్కలా కనిపిస్తుంది. మంచి అద్దాలలో అందులో సగం కూడా ఉండదు. ఆరంగుళాల అద్దాన్ని ఒక కిలోమీటరు వెడల్పు చెరువంత చేశామనుకుంటే, దాని ముఖం మీద అనుమతించదగ్గ మిట్టపల్లం అర మిల్లీమీటరు. అంత నునుపు కోసం అద్దం చేసిన మనిషి నెలల తరబడి పాలిష్ చేసి, పరీక్షించి, మళ్లీ పాలిష్ చేసి ఉంటాడు. పూత దాని మీద సమానంగా పరుచుకుంటుంది కనుక ఆకారాన్ని మార్చదు. పూతను తీసేటప్పుడు మాత్రం ఎవరైనా పాలిష్ పొడి వేసి గట్టిగా రుద్దితే, ఆ నెలల శ్రమ ఒక మధ్యాహ్నంలో పోతుంది. అందుకే ఈ పనంతటికీ నేను ఒకే సూత్రం చెబుతాను: పూతను కరిగించాలి, గీకకూడదు. పని రసాయనం చేయాలి. చెయ్యి తోడుగా ఉంటే చాలు.

ఈ సూత్రం ఎంత విలువైనదో పాత టెలిస్కోపుల కథలో కనిపిస్తుంది. 1668లో న్యూటన్ చేసిన మొదటి ప్రతిఫలన టెలిస్కోపులో అద్దం గాజుది కాదు. రాగి, తగరం కలిపి పోతపోసిన తెల్లటి లోహపు బిళ్ల. తళతళలాడుతున్నప్పుడు కూడా అది తన మీద పడ్డ వెలుగులో సుమారు మూడింట రెండు వంతులే వెనక్కి పంపేది. కొన్నాళ్లకు మసకబారేది. అప్పుడు కరిగించి తీసేయడానికి దాని మీద పూతంటూ ఏమీ లేదు. అద్దమే మెరుపు, మెరుపే అద్దం. మళ్లీ పాలిష్ చేయడమొక్కటే దారి. పాలిష్ చేస్తే ఆకారం చెదురుతుంది, కనుక ఆకారాన్నీ మళ్లీ మొదటినుంచి దిద్దాలి. 1789లో విలియం హెర్షెల్ ఇంగ్లండులో కట్టిన 40 అడుగుల టెలిస్కోపుకు రెండు అద్దాలు ఉండేవి. ఒకటి పనిలో ఉంటే రెండోది పాలిష్‌కు వెళ్లేది.

మెల్‌బోర్న్‌కు పంపిన 48 అంగుళాల టెలిస్కోపుది ఇంకా బాధపెట్టే కథ. దాని లోహపు అద్దాలకు ఓడ ప్రయాణంలో మచ్చలు పడకుండా లక్క వార్నిష్ పూశారు. 1868 చివర్లో ఆస్ట్రేలియా చేరాక ఆ పూతను తీయబోతే అద్దం ముఖం దెబ్బతింది. దాన్ని తిరిగి తీర్చిదిద్దే నైపుణ్యం అంత దూరంలో అందుబాటులో లేదు. ఎంతో ఆశతో కట్టిన ఆ టెలిస్కోపు అనుకున్నంత పని ఏనాడూ చేయలేకపోయింది. రక్షణ కోసం వేసిన పూతను తీయడం ఎలాగో కూడా ముందే ఆలోచించి ఉండాల్సిందని దాని చరిత్ర చదివిన ప్రతిసారీ అనిపిస్తుంది.

దారి మార్చింది గాజు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ వెండి లవణాల నుంచి గాజు మీద పల్చటి వెండి పొర దిగేలా చేసే పద్ధతిని కనుక్కున్నాడు. 1850ల చివర్లో జర్మనీలో స్టైన్‌హైల్, ఫ్రాన్సులో ఫూకో ఎవరికి వారే దాన్ని టెలిస్కోపు అద్దాలకు వాడారు. వెండి లోహపు అద్దం కంటే బాగా మెరుస్తుంది, నిజమే. దానికంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. వెండి నల్లబడితే నత్రికామ్లంతో కడిగేయవచ్చు. ఆ ఆమ్లం వెండిని కరిగిస్తుంది, గాజు జోలికి పోదు. ఆకారమూ మెరుపూ మొదటిసారి రెండు వేరువేరు వస్తువులయ్యాయి. ఒకటి శాశ్వతం, రెండోది ఎన్నిసార్లయినా మార్చుకోదగ్గది. ఇరవయ్యో శతాబ్దపు మహా టెలిస్కోపులన్నీ ఈ విడదీత మీదే నిలబడ్డాయి.

గాలిలోని గంధకపు వాయువులతో వెండి కొన్ని నెలల్లోనే నల్లబడుతుంది. 1930లలో కాలిఫోర్నియాలో జాన్ స్ట్రాంగ్ శూన్యంలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి అద్దాల మీద పట్టించే పద్ధతిని స్థిరపరిచాడు. మౌంట్ విల్సన్ మీది 100 అంగుళాల హూకర్ టెలిస్కోపు అద్దం 1935లో వెండి నుంచి అల్యూమినియానికి మారింది. కొత్త అల్యూమినియం కంటికి కనిపించే వెలుగులో తొంభై శాతం దగ్గరగా వెనక్కి పంపుతుంది. వెండి కంటే ఇది కొంచెం తక్కువే. అయితే అల్యూమినియం గాలి తగిలిన వెంటనే తన మీద తానే కొన్ని నానోమీటర్ల మందంలో పారదర్శకమైన ఆక్సైడు పొరను కప్పుకుంటుంది. ఆ పొర గట్టిది, లోపలి లోహాన్ని ఏళ్ల తరబడి కాపాడుతుంది. ఈనాటికీ ఎక్కువ టెలిస్కోపుల మీద ఉన్నది అల్యూమినియమే. జెమినై లాంటి కొన్ని పెద్ద టెలిస్కోపులు మాత్రం పైన రక్షణ పొర వేసిన వెండిని వాడుతున్నాయి.

ఇన్నేళ్లు లోహాన్ని కాపాడిన ఆ ఆక్సైడు పొరే పూత తీసేటప్పుడు మొదటి అడ్డు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయగానే ఏమీ జరగనట్టు ఉంటుంది. కాసేపటికి పొర ఎక్కడో ఒకచోట తెగుతుంది, అక్కడి నుంచి అల్యూమినియం కరగడం మొదలై సన్నటి హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. ఈ ఆలస్యాన్ని తగ్గించడానికి పెద్ద అబ్జర్వేటరీలలో ఆమ్లంలో మైలుతుత్తం కలుపుతారు. మన రైతులు బోర్డో మిశ్రమంలో వాడే మైలుతుత్తమే. ఆమ్లంలో అది ఆకుపచ్చగా మారుతుంది కనుక ఆ ద్రవానికి అక్కడివాళ్లు గ్రీన్ రివర్ అని పేరు పెట్టుకున్నారు. అల్యూమినియం తగిలిన చోట ద్రవంలోని రాగి బయటికొచ్చి లోహం మీద చేరుతుంది, దానికి బదులు అల్యూమినియం ద్రవంలోకి దిగుతుంది. రాగి చేరిన ప్రతి చుక్కా పక్కనున్న అల్యూమినియాన్ని ఇంకా త్వరగా కరిగేలా చేస్తుంది. కొద్ది నిమిషాల్లో మెరుపంతా పోయి పారదర్శకమైన గాజు బయటపడుతుంది.

అల్యూమినియాన్ని కాస్టిక్ సోడా కూడా కరిగిస్తుంది, పైగా ఆమ్లం కంటే చురుగ్గా. మురుగు గొట్టాల్లో పోసే పొడి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది కాబట్టి చాలామందికి మొదట అదే గుర్తొస్తుంది. ఇక్కడే ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. గాజులో ప్రధాన భాగం సిలికా, అంటే ఇసుకలోని పదార్థమే. హైడ్రోక్లోరిక్, నత్రిక లాంటి ఆమ్లాలు సిలికా అల్లికను విప్పలేవు. క్షారాలు విప్పగలవు. నెమ్మదిగానే కావచ్చు, చల్లటి పలుచని ద్రావణంలో కొద్ది నిమిషాలు ఉంచితే కనిపించే నష్టం ఉండకపోవచ్చు. చిక్కగా, వేడిగా, రాత్రంతా వదిలేస్తే మాత్రం పాలిష్ చేసిన ముఖం మసకబారుతుంది. పొడి నీళ్లలో కరిగేటప్పుడే చాలా వేడి పుడుతుంది కూడా. కొన్ని అబ్జర్వేటరీలలో ఆమ్లం తర్వాత మెత్తటి సుద్దపొడిలో కొద్దిగా క్షారం కలిపి తుడుస్తారు. అది చేసేది అనుభవమున్న బృందం, పక్కనే నీటిధార పెట్టుకుని, కొలిచిన సమయం వరకే. ఇంట్లో చేసేవారు ఆమ్లం వైపే ఉండటం మంచిదని నా అభిప్రాయం.

ఆమ్లాల్లో ఒకదాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ దగ్గరికి రానీయకూడదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజునే కరిగిస్తుంది. చర్మం గుండా లోపలికి దిగి ఎముకను, గుండెను దెబ్బతీయగలదు. తుప్పు మరకలు, రాతి మరకలు పోగొట్టే కొన్ని ద్రవాల్లో అది ఉంటుంది. లేబుల్ మీద ఫ్లోరైడ్ అన్న మాట కనిపిస్తే ఆ సీసా ఈ పనికి కాదు.

ఇంతకూ మీ అద్దానికి ఇదంతా అవసరమా? చాలాసార్లు అవసరం ఉండదు. టార్చిలైటు పక్కనుంచి వేస్తే ఏ అద్దమైనా భయంకరంగా మురికిగా కనిపిస్తుంది. ముందు కడిగి చూడాలి. ధారగా నీళ్లు పోసి దుమ్ము పోగొట్టి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన నీళ్లలో నానబెట్టి, దూదిని దాని బరువుతోనే జరిపి, చివర డిస్టిల్డ్ వాటర్ పోసి నిలబెట్టి ఆరనివ్వాలి. ఆరాక వెనక నుంచి బల్బు వెలుగు పెట్టి చూడండి. అక్కడక్కడ చుక్కల్లాంటి బెజ్జాలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. వాటితో ఇంకా చాలాకాలం ఆకాశం చూడవచ్చు. పూత పొరలుగా లేచినా, తుడిచినా పోని తెల్లటి మచ్చలు విస్తరించినా, అంచు నుంచి గాజు బయటపడుతున్నా అప్పుడు కొత్త పూత గురించి ఆలోచించాలి.

ఆలోచించాక మొదట చేయాల్సింది ఆమ్లం కొనడం కాదు, పూత వేసేవారితో మాట్లాడటం. శూన్యంలో పూత వేసే సంస్థలు పాత పూతను కూడా తామే తీస్తామంటే నిశ్చింతగా వాళ్లకే వదిలేయండి. వాళ్ల దగ్గర పొగలు లాగేసే ఏర్పాటుంటుంది, వ్యర్థాలను శుద్ధి చేసే పద్ధతి ఉంటుంది. మీరే తీసి పంపాలని వాళ్లంటేనే ఈ కింది వివరాలు మీకు పనికొస్తాయి. తేదీ ఖాయం కాకముందే పూత తీసేస్తే మీ చేతిలో మిగిలేది వెలుగులో నాలుగు శాతం మాత్రమే వెనక్కి పంపే గాజు బిళ్ల.

పూత ఏదో తెలుసుకోవడం తర్వాతి మెట్టు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే అద్దాల మీద దాదాపుగా అన్నిటికీ అల్యూమినియం పైన సిలికాన్ ఆక్సైడు లాంటి గట్టి రక్షణ పొర ఉంటుంది. అది గాజుకు దగ్గరి బంధువు కాబట్టి ఆమ్లం దాన్ని కరిగించదు. బెజ్జాల్లోంచి, అంచుల నుంచి లోపలికి దూరి అడుగున ఉన్న అల్యూమినియాన్ని తినాలి. అప్పుడు పై పొర ఆధారం లేక పొరలుగా ఊడి వస్తుంది. రక్షణ పొర లేని పూత నిమిషాల్లో పోతే దీనికి గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి రాత్రంతా పట్టవచ్చు. అద్దాలు పాడయ్యేది ఈ గంటల్లోనే. ఓపిక నశించి స్క్రబ్బరో బ్లేడో అందుకుంటారు. కొన్ని ప్రత్యేక పూతల్లో ఒకదానిమీద ఒకటిగా ఎన్నో పొరలుంటాయి. కొన్నిటికి అడుగున క్రోమియం ఉంటుంది, దానికి వేరే రసాయనం కావాలి. పూత తేలిగ్గా పోకపోతే ఆపేసి నిపుణులకు పంపడమే మంచి పని. చాలా పాత అద్దమైతే అది అసలు గాజేనా అని కూడా చూడాలి. లోహపు అద్దం మీద ఆమ్లం చుక్క పడినా ముఖం తినేస్తుంది. చరిత్ర విలువ ఉన్న పరికరాల మీది పాత వెండి పూత కూడా ఆ చరిత్రలో భాగమే, దాన్ని ముట్టకూడదు.

ఇక పని. అద్దాన్ని దాని చట్రం నుంచి పూర్తిగా విడదీయాలి. చట్రాలు, బిగింపులు చాలావరకు అల్యూమినియంతోనే చేస్తారు, వాటి మీద ఆమ్లం పడితే వేడి, పొగ, హైడ్రోజన్ ఒక్కసారిగా వస్తాయి. ఆరంగుళాల అద్దం మీది పూతలో ఉన్న అల్యూమినియం అయిదు మిల్లీగ్రాములు. దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ ఒకటి రెండు చెంచాలు, దానితో ప్రమాదం లేదు. అల్యూమినియం బేసిన్‌లో ఈ పని పెట్టుకుంటే మాత్రం మీరు కరిగిస్తున్నది బేసిన్‌ను. స్టీలు పళ్లెం కూడా వద్దు. అద్దం కంటే వెడల్పైన ప్లాస్టిక్ టబ్బు కావాలి. అడుగున మూడు నాలుగు ప్లాస్టిక్ ముక్కలు పెట్టి, పూత పైకి ఉండేలా అద్దాన్ని వాటిమీద పడుకోబెట్టాలి. అప్పుడు తీయడానికి వేళ్లు దూరతాయి. మధ్యలో గుర్తు కోసం అంటించిన కాగితపు ఉంగరం ఉంటే ముందే నానబెట్టి తీసేయాలి, లేకపోతే దాని కింద పూత మిగిలిపోతుంది.

చోటు ఆరుబయట ఉండాలి. ఆమ్లం ఆవిరి ఊపిరికి చెరుపు. అంతేకాదు, దగ్గర్లో ఉన్న ఇనుప సామాను, ఐపీసులు, మిగతా పరికరాలన్నిటినీ తుప్పు పట్టిస్తుంది. బాత్రూములో తలుపేసుకుని చేయకూడదు. కళ్లను పక్కలనుంచి కూడా కప్పే గాగుల్స్, మోచేతి దాకా రబ్బరు గ్లౌజులు, ఏప్రాన్, బూట్లు వేసుకోవాలి. వేలాడే చున్నీ, కండువా ఉండకూడదు. పిల్లలు, పెంపుడు జంతువులు దరిదాపుల్లో ఉండకూడదు. ఒంటరిగా చేయకండి. పక్కన ఇంకొకరు, రెండు బకెట్ల మంచినీళ్లు, వీలైతే పారే పైపు ఉండాలి. కంట్లో పడితే ఆ క్షణం నుంచి కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూనే ఉండి, ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒంటి మీద పడ్డదానికి సోడా రాసి విరుగుడు చేయాలని చూడకండి. నీళ్లే మందు.

హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని అడిగినవాళ్లందరికీ అమ్మకూడదు. యాసిడ్ దాడుల నేపథ్యంలో 2013లో సుప్రీంకోర్టు చిల్లర అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. కొనేవారు గుర్తింపు చూపాలి, ఎందుకు కొంటున్నారో చెప్పాలి, పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. ఈ నియమం న్యాయమైనది, పాటించి కొనండి. రంగూ చిక్కదనమూ కలిపిన టాయిలెట్ క్లీనర్ కంటే లేబుల్ స్పష్టంగా ఉన్న మామూలు ఆమ్లం మేలు. కలిపేటప్పుడు ముందు టబ్బులో నీళ్లు, ఆ తర్వాత నీళ్లలోకి ఆమ్లం, సన్నటి ధారగా. ఈ వరస తిరగబడకూడదు, ఆమ్లంలో నీళ్లు పోస్తే ఎగజిమ్ముతుంది. నాలుగు పాళ్ల నీళ్లకు ఒక పాలు ఆమ్లం చాలు. ఇంకా చిక్కగా చేస్తే పొగ పెరుగుతుంది, దానితో వచ్చే లాభం తక్కువ. బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రవం, పొడి ఈ ఆమ్లంతో ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు.

రక్షణ పొర ఉన్న అద్దాలకు ఔత్సాహికులు ఎక్కువగా ఎంచుకునేది ఫెర్రిక్ క్లోరైడ్. సర్క్యూట్ బోర్డుల మీద రాగిని తినడానికి ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్లు వాడే గోధుమరంగు ద్రవమే ఇది. హైదరాబాదు కోఠీ లాంటి చోట్ల విడిభాగాలమ్మే దుకాణాల్లో అడగవచ్చు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలా పొగలు చిమ్మదు, బెజ్జాల్లోంచి లోపలికి బాగా పాకుతుంది. అయితే ఇదీ ఆమ్లగుణం ఉన్నదే, కళ్లకు చర్మానికి అవే జాగ్రత్తలు పడాలి. పొడిగా కొంటే నీళ్లలో వేసినప్పుడు బాగా వేడెక్కుతుంది. కొంచెం కొంచెంగా వేసి, పూర్తిగా చల్లారాకే అద్దం మీద పోయాలి. బట్ట మీద, సిమెంటు మీద, గచ్చు మీద పడ్డ మరక ఇక పోదు. అద్దం మీద కనిపించే పసుపుచాయ మాత్రం చివర్లో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఒకసారి తడిపితే పోతుంది.

ద్రవం అద్దం ముఖాన్ని వేలు మందాన కప్పితే చాలు. తర్వాత వదిలేయాలి. అప్పుడప్పుడూ టబ్బును మెల్లగా ఊపితే కొత్త ద్రవం లోపలికి చేరుతుంది. పొరలు లేస్తున్న చోట గ్లౌజు వేసుకున్న చేత్తో తడి దూదిని ఒత్తకుండా జరపవచ్చు. రాలిన రక్షణ పొర ముక్కలు గట్టివి, దూదికి అంటుకుని గీతలు పెట్టగలవు. అందుకే ఒక్కో జరుపుకు కొత్త దూది వాడాలి. మధ్యలో ద్రవం ఎండిపోనివ్వకూడదు. వేడినీళ్లు అసలు వద్దు. మామూలు గాజు అద్దాలు ఉష్ణోగ్రతలో ఒక్కసారి వచ్చే మార్పుకు పగిలిపోతాయి.

వెండి పూతకు పద్ధతి వేరు. నత్రికామ్లం వెండిని వెంటనే కరిగిస్తుంది కానీ ఎర్రటి విషవాయువు వెలువడుతుంది. ఆ వాయువు ప్రభావం కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల మీద బయటపడవచ్చు. పొగలు లాగే ఏర్పాటున్న ల్యాబులో, రసాయన శాస్త్రం తెలిసినవారు చేయాల్సిన పని అది. ఇంట్లో చేయకండి.

కరిగించిన ద్రవాన్ని తిన్నగా కాలువలో పారబోయడం నేరంతో సమానమని భావిస్తాను. హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే ఇంకా చాలా నీళ్లు కలిపి, వంటసోడా కొద్దికొద్దిగా వేస్తూ పొంగు ఆగేదాకా చూడాలి. చివరికి మిగిలేది ఉప్పునీరు, రవ్వంత అల్యూమినియం. ఫెర్రిక్ క్లోరైడును కూడా సోడాతో విరిస్తే తుప్పురంగు మడ్డి అడుగుకు దిగుతుంది. దాన్ని వడకట్టి ఎండబెట్టి విడిగా పెట్టాలి. మైలుతుత్తం కలిపిన ద్రవం చేపలకు విషం, అది చెరువుకు, కాలువకు చేరకూడదు. వెండి ద్రావణం కూడా అంతే. ఈ రెండూ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికే చేరాలి.

పూత పోయింది, గాజు కనిపిస్తోంది. ఇంకా శుభ్రం కాలేదు. అద్దం అంచులు, వెనకవైపు పాలిష్ చేయని గరుకు గాజు. ఆమ్లం ఆ గరుకులో దాక్కుని తర్వాత మెల్లగా బయటికొస్తుంది. కాబట్టి ధారగా నీళ్లు, కాసేపు నానబెట్టడం, మళ్లీ ధార, ఇలా చాలాసార్లు కడగాలి. ఆ తర్వాత సబ్బునీళ్లు, చివర డిస్టిల్డ్ వాటర్. శుభ్రమైందో లేదో నీళ్లే చెబుతాయి. తడి అద్దాన్ని కొంచెం వాల్చి పట్టుకుంటే నీళ్లు విరిగిపోకుండా ఒకే పొరగా జారాలి. ఎక్కడైనా పొర తెగి చుక్కలుగా విడిపోతే అక్కడ జిడ్డు ఉన్నట్టు. జిడ్డు మీద వేసిన కొత్త పూత అక్కడే మొదట లేచిపోతుంది. పాలొమార్ 200 అంగుళాల అద్దానికి పూత వేసే ముందు ఈ జిడ్డు కోసమే జాన్ స్ట్రాంగ్ తలకు రాసుకునే క్రీము తెప్పించాడని చెబుతారు. అందులోని కొవ్వు అద్దం మీది పాత జిడ్డును తనతో కలుపుకుంటుంది, తర్వాత క్రీమునంతా ఒకేసారి తుడిచేస్తే రెండూ పోతాయి. ఇంట్లో అది ప్రయత్నించనక్కర్లేదు. పూత వేసే గదిలో శూన్యం చేశాక విద్యుత్ ఉత్సర్గంతో ఆఖరి శుభ్రత ఎలాగూ చేస్తారు.

ఇంకో మాట. పూతలేని గాజు మీ చేతిలో ఉండేది ఈ నాలుగు రోజులే. ఫూకో కనిపెట్టిన కత్తిమొన పరీక్ష ఈ స్థితిలోనూ చక్కగా పనిచేస్తుంది, అద్దాలు చేసేవాళ్లంతా పూత వేయకముందే దానితో ఆకారం చూసుకుంటారు. అది చేయగల మిత్రుడో టెలిస్కోపు క్లబ్బో దగ్గరుంటే ఇప్పుడే చూపించండి. కొన్నేళ్లుగా బొమ్మ స్పష్టంగా రాకపోవడానికి పూత కాదు, గాజు ఆకారమే కారణమని తేలితే, దాన్ని దిద్దించాల్సింది పూతకు ముందే.

పంపేటప్పుడు పాలిష్ చేసిన ముఖానికి ఏదీ తగలకుండా, అంచుల మీద ఆనేలా చెక్కపెట్టెలో బిగించండి. న్యూస్‌పేపరు ముఖం మీద వేయకండి, సిరా అంటుతుంది. కొత్త పూతతో తిరిగొచ్చాక అద్దం వెనకవైపు గరుకు గాజు మీద పెన్సిల్‌తో పూత వేసిన తేదీ, అది అల్యూమినియమో వెండో, పైన రక్షణ పొర ఏదో రాసిపెట్టండి. పూత వేసినవారిని అడిగితే చెబుతారు. పదిహేనేళ్ల తర్వాత ఆ పూతను తీయబోయేవారికి ఏ ద్రవం వాడాలో, ఎంతసేపు ఆగాలో ఆ రెండు వరుసలతో తెలుస్తుంది.